పసికందు ఊపిరిలో కనిపించని కత్తెరలు

దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో బేర్ సరాయ్ అనే పాత పల్లె ఉన్నది. చదువుల కోసం రాజధానికి వెళ్ళిన తెలుగు యువకులు ఎందరో అక్కడి అద్దె గదులలో కాలం గడిపినవారే. ఆ ఇరుకు సందులలో పాత గోడలు పడగొట్టి, అదే స్థలంలో అంతస్తుపై అంతస్తు లేపారు. అటువంటి చోట పడగొట్టేవాడూ, కట్టేవాడూ కలిసి పనిచేస్తేనే కొత్త గది లేస్తుంది. పడగొట్టేవాడు హద్దు మీరాడా, పక్క గోడ కూడా కూలుతుంది.

శిశువు ఊపిరితిత్తులు రూపొందే విధానం దాదాపు ఇటువంటిదే!

నెలలు నిండి పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులలో వాయుగోణులు, అనగా చిన్న గాలి గదులు, కొన్ని కోట్లు ఉంటాయి. పెద్దవారిలో అవి 30 కోట్లకు పైమాటే. కాని 28 వారాలకే పుట్టిన పసికందులో ఉండేవి చాలవరకు మందపాటి గోడల సంచులు మాత్రమే. ఆ సంచుల లోపల అడ్డుగోడలు మొలిచి, ఒక్కొక్క సంచీ అనేక గదులుగా విడిపోవాలి. అందుకోసం కణాల చుట్టూ ఉన్న మాంసకృత్తుల అల్లికను అక్కడక్కడ కత్తిరించి, మరల అల్లవలసి ఉంటుంది. ఆ పని చేసే కత్తెరలే ప్రోటియేజులనే ఎంజైములు.

తోకకప్ప చెప్పిన రహస్యం

కప్పగా మారే సమయంలో తోకకప్ప తోక ఏమవుతుంది? అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లపియేర్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు 1962లో సమాధానం కనుగొన్నారు. దారాలవలె పేనుకొని ఉండే కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తును కత్తిరించగల ఎంజైము ఆ తోకలోనే ఉన్నది! ఆ కుటుంబానికి చెందిన ఎంజైములు మానవ దేహంలోనూ కలవని తరువాత తేలింది. వాటిలో ఒకదానిని లేకుండా చేసి పుట్టించిన ఎలుక పిల్లలలో గాలి గదులు సరిగా ఏర్పడలేదు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే జిడ్డు పొరలోని ఒక ముఖ్యమైన మాంసకృత్తు సైతం, వేరొక రకం ప్రోటియేజులు చెక్కి తీర్చిన తరువాతనే పనికివస్తుంది.

కాపలా తప్పినప్పుడు

మరి ప్రమాదం ఎక్కడ?

ఊపిరి అందని పసికందుకు యంత్రంతో గాలిని ఒత్తి పంపవలసి వస్తుంది. ప్రాణవాయువు అధికంగా ఇవ్వవలసి వస్తుంది. లేత కణజాలం సాగి దెబ్బతింటుంది. దానికి తోడు సూక్ష్మజీవులు సోకితే తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి చేరుతాయి. అవి విడిచే ఎలాస్టేజ్ అనే ఎంజైము, ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులను తెంపివేస్తుంది.

ఈ ఎంజైముకు ప్రకృతి ఒక కాపలాదారును నియమించింది. కాలేయంలో తయారయ్యే ఆ మాంసకృత్తు పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే వైద్యులు రక్తంలో ఇది లోపించిన అయిదుగురిని గుర్తించి, 1963లో ఆ సంగతి ప్రకటించారు. వారిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నది.

నెలలు నిండని శిశువులో ఈ కాపలా అసలే బలహీనం. పైగా అధిక ప్రాణవాయువు వల్ల పుట్టే తీవ్ర పదార్థాలు కాపలాదారులోని ఒక కీలకమైన అమైనో ఆమ్లాన్ని మార్చివేసి దానిని నిర్వీర్యం చేస్తాయి. ప్రాణం నిలిపే వాయువే కాపలాదారు చేతులు కట్టివేస్తుందన్నమాట!

యంత్రసహాయంతో, అధిక ప్రాణవాయువుతో చికిత్స పొందిన శిశువులలో కనిపించిన ఒక కొత్త వ్యాధిని 1967లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన విలియం నార్త్‌వే బృందం వర్ణించింది. దానికి బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అని పేరు. అదుపు తప్పిన ఎంజైములు దాని కారణాలలో ఒకటని నేడు భావిస్తున్నారు.

రెచ్చగొట్టని వైద్యం

అయితే ఆ కత్తెరలను మందుతో మొద్దుబార్చలేమా? నెలలు నిండని శిశువులకు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ ఎక్కించి చేసిన ఒక పరిశీలన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ఊపిరితిత్తులలో రక్తస్రావం తగ్గింది. కాని దీర్ఘవ్యాధిని అది నివారిస్తుందని రుజువు కాలేదు. కత్తెరలన్నిటినీ ఆపివేస్తే నిర్మాణమే ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

అందుచేత వైద్యులు వాటిని రెచ్చగొట్టని మార్గం పట్టారు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ 1972లో చూపారు. సాధ్యమైనంతవరకు గొంతులో గొట్టం వేయక, ముక్కు ద్వారానే మెల్లగా గాలిని అందిస్తారు. ప్రాణవాయువును కొలిచి ఇస్తారు.

బేర్ సరాయ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, అయిదు దేశాలలో జరిగిన మరొక పరిశోధనలో పాలుపంచుకొన్నది. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువులను పుట్టిన వెంటనే తల్లి గుండెలకు హత్తి ఉంచారు. 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 28 రోజులలోపు మరణాలు వారిలో 12 శాతం; మామూలు పద్ధతిలో పెంచినవారిలో 15.7 శాతం. సూక్ష్మజీవులు సోకాయన్న అనుమానం కూడా వారిలో తక్కువగా కనిపించింది. తెల్ల రక్తకణాలను రప్పించే కారణాలలో ఒకటి ఆ మేరకు తగ్గినట్లే.

వాయుగోణుల నిర్మాణం పుట్టుకతో ముగియదు, బాల్యంలోనూ సాగుతుంది. కనుక ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన బిడ్డకు తల్లిపాలు, వేళకు టీకాలు అందాలి. చుట్ట, సిగరెట్టు, కట్టెల పొయ్యి పొగ ఆ గదిలోకి రానీయరాదు. పసివాని ఊపిరితిత్తులు కట్టడం పూర్తి చేసుకోవడానికి ఇంకా కొన్నేళ్ళ గడువు ఉన్నది. ఆ గడువును ఏ ఆటంకమూ లేకుండా గడపనివ్వడం ఇంటివారి బాధ్యత.