ఉద్యోగమిచ్చే ముందు ఏం అడగాలి?

"అప్లికేషన్ పెట్టావు సరే, అక్కడ మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" చదువు పూర్తిచేసిన ఆడపిల్లకు ఇంట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. సిఫార్సు లేని పిల్లకు అండ ఏమిటి? సరిగ్గా పెట్టిన పరీక్షే!

2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షలకు పైగా పోస్టులకు మన రాష్ట్రంలో సెప్టెంబరు 1 నుంచి 8 వరకు రాతపరీక్షలు జరిగాయి. 150 మార్కులు, ఇంటర్వ్యూ లేదు. కడప జిల్లా చక్రాయపేట మండలంలో, గండి ఆంజనేయస్వామి గుడి దగ్గరి పల్లెలో చదువుకున్న అమ్మాయైనా, పట్నంలో కోచింగ్ తీసుకున్న అమ్మాయైనా ఒక పోస్టుకు రాసేది ఒకే పరీక్ష. ఎవరి కూతురివని అడిగేవాళ్లు లేరు.

మరి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన పని చేతనవుతుందా? పింఛను కోసం వచ్చిన అవ్వ మాట ఓపిగ్గా వినడం రాతపరీక్షలో తేలదు కదా! అందుకే ఎంపికైనవాళ్లను నెలకు 15,000 రూపాయలతో ప్రొబేషన్‌లో ఉంచారు. శాఖాపరమైన పరీక్షలు పాసైనవాళ్లను 2022లో పర్మినెంట్ చేశారు.

పని చేయించి చూడండి

ష్మిట్, హంటర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి 1998లో ఒక సంగతి తేల్చారు. ఎన్నేళ్లు చదివారన్నదాని కంటే, ఆ పనినే కొంచెం చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడగటం మంచి కొలతలట.

కుట్టు సెంటరు నడిపే అక్కలూ, స్కూలు నడిపే టీచరమ్మలూ ఇదే చేయొచ్చు. జాకెట్టు కత్తిరించమనండి, ఒక పాఠం చెప్పించండి. పూటంతా పని చేయిస్తే కూలి ఇవ్వండి. తడబడిన చోటు రాసి పెట్టుకుంటే, చేరాక ఏం నేర్పాలో మీకే తెలుస్తుంది.

ఇవి అడగకూడదు

పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలకు పనితో సంబంధం లేదు. నీరా మాథుర్ అనే ఆమె రాతపరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గి 1989లో ఎల్‌ఐసీలో చేరారు. కాన్పు సెలవులో ఉండగానే, చేరేటప్పుడు నింపిన ఫారంలో నెలసరి వివరాలు సరిగా రాయలేదని 1990లో తీసేశారు. సుప్రీంకోర్టు 1991లో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆడవాళ్లను సిగ్గుపడేలా చేసే అలాంటి కాలమ్‌లు తొలగిస్తే మంచిదని ఎల్‌ఐసీకి సూచించింది.

పరీక్షకు వెళ్లే అమ్మాయిలకు

* పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకుని రాయండి.
* తప్పు జవాబుకు మార్కులు కోస్తారో లేదో ముందే చూసుకోండి.
* మీ స్వభావం తెలుసుకునే ప్రశ్నలుంటే ఉన్నదున్నట్టు రాయండి. అదే సంగతిని మరోచోట తిప్పి అడుగుతారు.
* రాకపోతే దిగులుపడి ఊరుకోకండి. ఏ భాగంలో మార్కులు తగ్గాయో చూసి, ఈసారి అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టండి.