అభ్యంతరమా, పేచీయా?

కాదనుటకు మన భాషలో మాటల కొదువ లేదు. కాదు, కూడదు, వలదు, ఒల్లను అను నాలుగింటిని మాత్రమే తీసికొన్నను, ఒకదాని పని మఱియొకటి చేయజాలదు. “కాదు” నిజానిజములకు సంబంధించినది. “కూడదు” అన్నచో ఆ పని తగదని తీర్పు చెప్పినట్లే. “వలదు” అనగా అక్కఱలేదని మూలార్థము. మనము నిత్యము పలుకు “వద్దు” దానినుండి పుట్టినదే. “ఒల్లను” అనుదానికి కారణము చెప్పవలసిన పనియే లేదు, మనసొప్పలేదనుటయే చాలును. ఈ కడపటి మాట వాడుకలో సన్నగిల్లినందుకు మాకు విచారముగా నున్నది.

ఇక పెద్ద మాటలు. సంస్కృతమున “అభ్యంతరము” అనగా లోపలిది. తెలుగున నది అడ్డంకి యను నర్థమును సంపాదించుకొన్నది. “ఆక్షేపణ” యందు విసరుట యను భావము గలదు. అందుచేతనే కాబోలు, ఆక్షేపించుటలో తప్పుపట్టుట కూడ కలిసియుండును. “పొలమమ్ముటకు నా కభ్యంతరమున్నది” అను స్త్రీ ఆ పనికి గల అడ్డును జెప్పుచున్నది. ఆమెయే ఆక్షేపించినచో అమ్మువారి నడతను తప్పుపట్టుచున్నది. మొదటిదానికి సమాధానము రావచ్చును. రెండవదానికి కోపమే ముందు వచ్చును.

అయితే మన యిండ్లలో మాట యర్థము కంటె పలికినవారి స్థానమునకే విలువ యెక్కువ. ఒకే సంగతిని మామగారు చెప్పిన అభ్యంతరము, కొడుకు చెప్పిన అభిప్రాయభేదము, అత్తగారు చెప్పిన సణుగుడు, కోడలు చెప్పిన పేచీ! పేచీ యనునది మెలిక యను నర్థముగల హిందుస్తానీ మాటనుండి వచ్చినది. పిల్లవాడు అన్నము దగ్గఱ పెట్టునది పేచీ. పొలమును గూర్చి యడిగినది పేచీ యెట్లగును? కాని ఆ పేరు పెట్టగానే బదులు చెప్పవలసిన భారము తొలగిపోవును. పేచీని బుజ్జగింతురు, లేదా కసరుదురు. దానికి సమాధానము చెప్పువారుండరు.

మనవారు అలకను నమ్ముకొనుటయు నిందుకు కొంత తోడ్పడినది. సత్యభామ యలిగి పారిజాతమును దెప్పించుకొన్నది. అందఱికిని కృష్ణుడు దొరకడు గదా! ద్రౌపది మార్గము వేఱు. తన్ను సభకు బిలువవచ్చినవానిని వెనుకకు బంపి, ధర్మరాజు ముందుగా తన్ను తానోడెనా, నన్నోడెనా యని యడిగి రమ్మన్నది. ఆ ప్రశ్నను పేచీ యని కొట్టివేయుటకు వీలులేకపోయినది. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. వికర్ణు డామె పక్షమున మాటాడెను.

నేడు ఈ మాటలతో మనకు ముఖ్యముగా పని పడునది ఆస్తి పత్రముల యొద్ద. హిందూ ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండి కల్పించినది. అంతకు ముందే వివాహమైనవారి కది వర్తింపలేదు. 2005లో కేంద్రశాసనము ఆ భేదమును దీసివేసినది. అయినను పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు చేతికి చీరతోబాటు ఒక కాగితము వచ్చుట కలదు. “నా కెట్టి అభ్యంతరమును లేదు” అని యందు వ్రాసియుండును. నోటితో గొణిగినది ఆ సంతకము ముందు నిలువదు.

సంతకమునకు ముందు ఏ భూమి, ఎంత విస్తీర్ణము, తాను విడుచుచున్నది అమ్మకమునకు అడ్డుచెప్పు హక్కునా, తన భాగమునా యని చూచుకొనవలెను. “చదివి చెప్పెదను” అనుట అభ్యంతరము కాదు, ఆక్షేపణయు గాదు. ఇష్టపడి యిచ్చివేయువారిని మేము వారింపము. ఇష్టము లేనిచో మాత్రము అలిగి భోజనము మానుటకంటె, తేదీ వేసి, భూమి వివరము వ్రాసి, “నాకు అభ్యంతరమున్నది” అని కారణముతో గూడ తెలుపుట మేలు. నకలొకటి తన యొద్ద నుంచుకొనవలెను.