ప్రాసెసరు ఎందుకు ఆగును?

ప్రాసెసరులో ఒక ఆదేశము ఎన్ని దశలలో నెరవేరునని కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులను అడిగినచో, తడుముకొనకుండ ఐదని చెప్పుదురు: ఆదేశమును తెచ్చుట, అర్థము గ్రహించుట, లెక్క చేయుట, మెమరీని ముట్టుట, ఫలితమును రిజిస్టరులో వ్రాయుట. పరీక్షకు ఈ ఐదు పేర్లు చాలును. కాని ఈ దశల నడుమ పని ఎక్కడ, ఎందుకు ఆగునో చెప్పలేనిచో ఆ చదువు సగమే.

బంతి భోజనమును తలచుకొనుడు. ఒకరు ఆకు వేయుదురు. వెనుకనే మరియొకరు నీళ్లు చల్లుదురు. ఆ తరువాతివారు అన్నము, పప్పు, నేయి వడ్డింతురు. మొదటి విస్తరి పూర్తియగువరకు రెండవ ఆకు వేయకుండ ఎవరును ఊరకుండరు. ఐదుగురును వరుసగా సాగుచుండగా, అడుగునకు ఒక విస్తరి వంతున సిద్ధమగును. ప్రాసెసరులో దీనినే పైప్‌లైను అందురు. ఒక్కొక్క దశకు ఒక క్లాకు స్పందము పట్టుననుకొందము. ఒకటి ముగిసినగాని ఇంకొకటి మొదలుపెట్టనిచో 100 ఆదేశములకు 500 స్పందములు కావలెను. పైప్‌లైనులో మొదటిదానికి 5, మిగిలినవాటికి 99, మొత్తము 104 చాలును.

అయితే పప్పు గిన్నె వంటయింటినుండి రాలేదనుకొనుడు. వెనుకవారందరును నిలబడవలసినదే! ప్రాసెసరులోను ఇట్లే జరుగును. మొదటి ఆదేశము మెమరీనుండి ఒక సంఖ్యను 5వ రిజిస్టరులోనికి తెచ్చును. రెండవది వెంటనే ఆ సంఖ్యను 6వ రిజిస్టరులోని దానితో కూడవలెను. మెమరీనుండి సంఖ్య చేతికందునది 4వ స్పందము చివరను. కూడికకు అది కావలసినది 4వ స్పందము మొదటనే. రిజిస్టరులో వ్రాయువరకు వేచియుండక, సంఖ్యను తిన్నగా కూడిక విభాగమునకు చేర్చు దారి అమర్చినను ఒక స్పందము నష్టమగుట తప్పదు. కాలము వెనుకకు నడవదు గదా! నూరు ఆదేశములలో ఇట్టి జంటలు 20 ఉన్నచో, 104 కాస్తా 124 అగును. దీనిని గళ్ల కాగితముమీద ఒకసారి గీసి చూచుకొనవలెను.

1981లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ హెన్నెసీ బృందము ప్రారంభించిన మిప్స్ ప్రాసెసరు ఈ చిక్కును కనిపెట్టి ఆపు పరికరమునే వదలివేసినది. అడ్డుగడియలు లేని పైప్‌లైను దశలు గల మైక్రోప్రాసెసరు అనియే ఆ పేరునకు అర్థము. ఆ భారము కంపైలరుది. రెండు ఆదేశముల నడుమ సంబంధములేని పని యేదైన దొరికినచో చొప్పించును. దొరకనిచో ఏమియు చేయని ఆదేశమును పెట్టును. నేటి ప్రాసెసరులు సాధారణముగా ఈ కాపలా తామే కాచుకొనును.

2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పుట్టిన రిస్క్-ఫైవ్ ఆదేశముల పట్టికను ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును. దాని 32 బిట్ల మూలపట్టికలో ఉన్నవి 40 ఆదేశములే. మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసరులకు ఆధారము ఇదియే. ఇంత చిన్న పట్టిక గనుక, విద్యార్థులు ఒక సెమిస్టరులో స్వయముగా ప్రాసెసరును రూపొందించి, మరల మరల మార్చుకొనదగు ఎఫ్.పి.జి.ఎ. చిప్పులో నడిపింపవచ్చును. పది పుటల వర్ణనకన్న ఇది మేలని నా అభిప్రాయము. కాపలా అమర్చుట మరచినచో పై జంటవద్ద కూడిక తప్పును. అప్పుడు 4వ స్పందమువద్ద యంత్రమును ఆపి 5వ రిజిస్టరును చూచినచో, అందులో ఇంకను పాత సంఖ్యయే కనబడును.