డిస్కు ఉంది, కనబడదు

ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచే రోజుల్లో హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల కంప్యూటర్ దుకాణాలు కళకళలాడుతుంటాయి. కొత్త లాప్‌టాప్ కొన్న పిల్లల్లో కొందరికి కొన్నాళ్లకే లైనక్స్ ఎక్కించాలన్న సరదా పుడుతుంది. సీనియర్లు పెన్‌డ్రైవ్ తయారుచేసి ఇస్తారు. పెట్టి మొదలుపెడితే భాష అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, వైఫై కలుస్తుంది. తీరా ఏ డిస్కులో ఎక్కించాలి అనే చోటికి వచ్చేసరికి జాబితా ఖాళీ. లోపల 512 జీబీ డిస్కు ఉంది, విండోస్ నిక్షేపంగా నడుస్తోంది, లైనక్స్‌కి మాత్రం అది కనబడదు.

మా మనవరాలికీ ఇదే అనుభవమైంది.

“తాతా, డిస్క్ ఖరాబైందా ఏంది?”

“డిస్క్‌కు ఏం కాలే బిడ్డా. దానికీ ప్రాసెసర్‌కూ నడుమ ఒక చిప్ ఉంటది. లైనక్స్‌కు ఆ చిప్‌తోని మాట కలుస్తలేదు. ముందుగాల దాని నంబర్ చూద్దాం పా.”

ఆ చిప్పే స్టోరేజ్ కంట్రోలర్. ప్రాసెసర్ నేరుగా డిస్కుతో మాట్లాడదు. ఫలానా చోటి నుంచి ఇన్ని బైట్లు తెచ్చి మెమరీలో ఇక్కడ పెట్టు అన్న ఆదేశాన్ని రాసిపెట్టి, కంట్రోలర్ రిజిస్టర్లో ఒక అంకె వేసి ఊరుకుంటుంది. మిగతా పనంతా కంట్రోలర్ చూసుకుని, అయ్యాక ఇంటరప్ట్ అనే సంకేతం పంపుతుంది. ఏ రిజిస్టర్లో ఏ అంకె వేస్తే ఏం జరుగుతుందో తెలిసిన ప్రోగ్రామే డ్రైవర్. అది లేకపోతే ఎంత మంచి డిస్కయినా ఉన్నా లేనట్టే.

పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్న లైనక్స్‌లోనే టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పిసిఐ’ అనే కమాండ్‌కు పక్కన ‘ఎన్‌ఎన్’ తగిలించి కొట్టించాను. మదర్‌బోర్డు మీద ఉన్న చిప్‌ల పేర్లన్నీ వరసగా వచ్చాయి, ఒక్కోదాని పక్కన నంబర్లు. 8086 అని ఉంటే అది ఇంటెల్ చిప్. 1978లో ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్ నంబరే ఇప్పటికీ ఆ కంపెనీ గుర్తింపు సంఖ్యగా నడుస్తోంది. దానికి ముందు వచ్చే నాలుగంకెల సంఖ్య ఆ చిప్ ఏ జాతిదో చెబుతుంది. 0106 అయితే సాటా కంట్రోలర్, 0108 అయితే ఎన్‌విఎమ్‌ఈ, 0104 అయితే రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపేది. మా మనవరాలి లాప్‌టాప్‌లో ఉన్నది ఎన్‌విఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ. కానీ ఆ జాబితాలో 0108 అన్న వరసే లేదు! 0104 ఒకటి కనబడింది.

ఆ తరవాత లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ రాసుకునే చిట్టా చూపించాను. అందులో ఒక వరస ఉంది: దారి మళ్లించిన ఎన్‌విఎమ్‌ఈ డిస్కు ఒకటి కనబడింది, దాన్ని వాడుకోవాలంటే బయాస్‌లో రెయిడ్ నుంచి ఎహెచ్‌సిఐకి మార్చండి అని. బయాస్ అంటే మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు, ఎహెచ్‌సిఐ అంటే కంట్రోలర్‌తో మాట్లాడే మామూలు పద్ధతి. రోగం పేరు, మందు పేరు రెండూ అక్కడే రాసి ఉన్నాయి. చదివేవాళ్లే తక్కువ.

జరిగిందేమిటంటే, కొన్ని లాప్‌టాప్‌లను కంపెనీవాళ్లు బయాస్‌లో రెయిడ్ పద్ధతి పెట్టి అమ్ముతారు. అప్పుడు ఇంటెల్ చిప్‌సెట్ ఆ ఎస్‌ఎస్‌డీని తన వెనక దాచేసుకుని, తానొక రెయిడ్ కంట్రోలర్‌నని చెప్పుకుంటుంది. ఆ దాచిన పద్ధతి ఇంటెల్ సొంత విండోస్ డ్రైవర్‌కి తెలుసు. లైనక్స్ డ్రైవర్‌కు వెనకాల ఏదో ఉందని పసిగట్టడం వరకే చేతనవుతుంది. ఒక్క డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో నిజానికి రెయిడ్‌తో పనేమీ లేదు. బయాస్‌లోకి వెళ్లి ఎహెచ్‌సిఐకి మారిస్తే డిస్కు బయటపడుతుంది.

ఆగండి, తొందరపడి మార్చకండి. ఇక్కడే పిల్లలు దెబ్బతింటారు. విండోస్‌ని కదపకుండా ఇలా మారిస్తే అది నీలం తెర చూపించి లేవనంటుంది, ఎందుకంటే దానికి అలవాటైన డ్రైవర్ రెయిడ్‌ది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేట్టు పెట్టి, బయాస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరవాలి. అప్పుడు అది కొత్త డ్రైవర్ వెతుక్కుంటుంది. తరవాత మామూలుగా పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యం డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్. బయాస్ ముట్టుకోగానే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోకుండా ఈ పనికి దిగవద్దు. ప్రాజెక్టు రిపోర్టులు, ఇంటి ఫొటోలు అన్నీ ఆ డిస్కులోనే ఉంటాయి.

పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చాక లాప్‌టాప్‌లలో దాచే పద్ధతి మారి వీఎమ్‌డీ అయింది. దానికి లైనక్స్‌లో 2016 నుంచే డ్రైవర్ ఉంది. ఆ లాప్‌టాప్‌లలో విండోస్ 10ను కొత్తగా ఎక్కించబోతే విండోస్‌కే డిస్కు కనబడదు, డ్రైవర్ వేరే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇవ్వాలి. కాబట్టి ఇది లైనక్స్ లోపమనీ విండోస్ గొప్పనీ అనుకోవడానికి లేదు. డ్రైవర్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు డిస్కు కనబడుతుంది, అంతే.

1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ కుర్రాడు తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి చెప్పాడు. అందులోనే, ఇది ఏటీ రకం హార్డ్ డిస్కులు తప్ప వేరే వాటితో ఎప్పటికీ పనిచేయకపోవచ్చు, నా దగ్గర ఉన్నది అదొక్కటే అని కూడా రాశాడు. చూడండి, ఆ వ్యవస్థ పుట్టిన నాడే డిస్కు మాట వచ్చింది. మరి ఇవాళ ఇన్ని వందల కంట్రోలర్లు ఎలా నడుస్తున్నాయి? ఎవరి దగ్గర ఏ కార్డు ఉంటే వాళ్లు దానికి డ్రైవర్ రాసి ఇచ్చారు, లేదా తయారీదారులే ముందుకొచ్చి రాశారు. సాటా డిస్కులు వచ్చిన కొత్తలో జెఫ్ గార్జిక్ అనే ఆయన లిబాటా అనే పునాది కట్టాడు. దాని మీద ఒక్కో కంపెనీ చిప్‌కు ఒక్కో డ్రైవర్ లేచింది.

అసలు మలుపు 2004లో వచ్చిన ఎహెచ్‌సిఐ. సాటా కంట్రోలర్ ఎవరు చేసినా రిజిస్టర్లు ఈ వరసలోనే ఉండాలని అందరూ చదవగలిగే పత్రంలో రాసి పెట్టారు. లైనక్స్‌లోని ఎహెచ్‌సిఐ డ్రైవర్ ఫైలు తెరిస్తే, ఆ డ్రైవర్‌కు తెలిసిన చిప్‌ల నంబర్లన్నీ ఒక పొడవాటి పట్టికలో ఉంటాయి. అన్నిటికంటే కింద ఒక వరస ఉంది: కంపెనీ ఎవరైనా సరే, చిప్ నంబర్ ఏదైనా సరే, జాతి సంఖ్య ఎహెచ్‌సిఐది అయితే చాలు, నేను చూసుకుంటాను అని. రేపు పుట్టబోయే చిప్‌కు కూడా ఇవాళే డ్రైవర్ సిద్ధంగా ఉందన్నమాట. నాకు ఈ ఒక్క వరస చూస్తే ఎంత సంతోషమో! ఎన్‌విఎమ్‌ఈ ప్రమాణం 2011లో వచ్చింది, మరుసటి ఏడాది మార్చిలో వచ్చిన లైనక్స్ 3.3లో డ్రైవర్ చేరిపోయింది. మనవరాలి లాప్‌టాప్‌లో 0104 అని చెప్పుకున్న కంట్రోలర్ ఈ రెండు తలుపులనూ తప్పించుకుని పోయింది.

ఇంకో చిక్కు ఉంది. డ్రైవర్ అనేది ఒక ఫైలు. ఆ ఫైలు ఉండేది డిస్కులో. డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు ఉంది కదా! దీనికి పరిష్కారం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. కంప్యూటర్ లేచేటప్పుడు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌కున్న చిన్న పరిజ్ఞానం సాయంతో, కెర్నెల్‌ని, దాంతో పాటు కావలసిన డ్రైవర్లున్న ఒక చిన్న మూటని మెమరీలోకి ఎత్తిపెడుతుంది. కెర్నెల్ ఆ మూట విప్పి, డ్రైవర్ తీసి, డిస్కు తెరుస్తుంది. ఫెడోరా వంటి లైనక్స్ రకాల్లో ఆ మూటలో మామూలుగా ఆ మెషీన్‌కు కావలసిన డ్రైవర్లే పెడతారు. అందుకే పాత కంప్యూటర్ డిస్కు ఊడదీసి వేరే కంట్రోలర్ ఉన్న దాంట్లో పెడితే ఒక్కోసారి సగంలో ఆగిపోతుంది. డిస్కు పోయిందని పారేయకండి. బూట్ మెనూలో రెస్క్యూ అని ఒకటి ఉంటుంది, అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దాంతో లేపి, మూట మళ్లీ కట్టుకుంటే సరిపోతుంది.

రిజిస్టర్ల వివరాలు దాచుకునే కంపెనీల మీద నాకు కోపం ఉంది, దాచను. 2005లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లు అడాప్టెక్ రెయిడ్ కార్డుల వివరాలు అడిగి అడిగి, ఇవ్వకపోయేసరికి ఆ డ్రైవర్‌ను తమ వ్యవస్థలోంచి తీసేశారు. సగం తెలిసిన డ్రైవర్‌ను నమ్మి జనం తమ డేటా పెడితే రేపు ఎవరు పూచీ అన్నది వాళ్ల బాధ. వాళ్లు చేసింది సబబే. 2016లో లెనోవో యోగా 900 మోడల్‌లో అయితే బయాస్‌లో ఎహెచ్‌సిఐకి మార్చుకునే వీలే లేకుండా చేశారు. కొన్నవాళ్లు గట్టిగా నిలదీశాక, లైనక్స్ వాడేవారి కోసం వేరే బయాస్ విడుదల చేశారు. అడిగితేనే వచ్చింది.

సర్వర్లు పెట్టుకునే కాలేజీలు, చిన్న ఆస్పత్రులు కూడా దీన్ని గమనించాలి. రెయిడ్ కార్డు కాలిపోతే, డిస్కులు బాగున్నా వాటి మీది అమరికను చదవడానికి చాలాసార్లు అదే కుటుంబానికి చెందిన కార్డు కావాలి. పదేళ్ల పాత కార్డుకు వరంగల్ అంతా తిరిగినా దొరుకుతుందని నమ్మకం లేదు. లైనక్స్‌లోనే ఉన్న ఎమ్‌డీ రెయిడ్‌తో కట్టుకుంటే, ఆ డిస్కులు తీసి ఏ లైనక్స్ మెషీన్‌కు తగిలించినా తెరుచుకుంటాయి. చిన్న సంస్థలకు నేనైతే ఇదే చెబుతాను. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదు, అది వేరే సంగతి.

మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ డెబియన్ అనే లైనక్స్ రకం ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చి, కాలేజీ పిల్లలకు లైనక్స్‌ను పరిచయం చేస్తోంది. చెన్నై సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ మీదే కట్టింది. కాబట్టి డెబియన్ కెర్నెల్‌లోకి ఒక డ్రైవర్ చేరిందంటే తెలుగు మెనూలున్న కంప్యూటర్ దాకా అది నడిచి వస్తుంది. డ్రైవర్ పనికి కావలసిన చేతులూ మన దగ్గర ఉన్నాయి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ) ఇవాళ ఎన్‌ఐటీగా మన ఊళ్లో ఉంది, చుట్టూ ఇంకెన్నో కాలేజీలు ఉన్నాయి. కొత్త చిప్ పాత డ్రైవర్‌తోనే పనిచేస్తూ, దాని నంబర్ మాత్రం పట్టికలో లేకపోవడం తరచూ జరిగేదే. అప్పుడు కావలసిన ప్యాచ్ ఒక్క వరస. ఆ చిప్ ఎవరి చేతిలో ఉందో వాళ్లే పరీక్షించి పంపాలి. మన పిల్లలు పంపకూడదని ఏముంది?

ఇక కొనేవాళ్లకు ఒక మాట. దుకాణానికి వెళ్లేటప్పుడు లైవ్ లైనక్స్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లండి. డెమో పీసు మీద ఒకసారి లేపి చూపించమని మర్యాదగా అడగండి, చాలామంది కాదనరు. ఇందాకటి కమాండ్ కొట్టి 0106 గానీ 0108 గానీ కనబడుతోందా, డిస్కుల జాబితాలో ఎస్‌ఎస్‌డీ ఉందా చూడండి. 0104 మాత్రమే ఉండి డిస్కు కనబడకపోతే, బయాస్‌లో మార్చే వీలుందో లేదో అక్కడే అడగండి. డెమో పీసు కదా, మీరు మార్చకండి, ఆ ఎంపిక ఉందా లేదా చూస్తే చాలు. లేదంటే ఆ మోడల్ వదిలేసి పక్కది చూపించమనండి.