అరుగు మీది పార్సిలుకు కెమెరా కాపలా

పోస్ట్‌మాన్ పేరు పెట్టి పిలిచి చేతికిచ్చే రోజుల్లో యీ బెడద లేదు. యిప్పుడు పల్లెలకూ ఆన్‌లైన్ పార్సిళ్ళు వస్తున్నాయి. యింటిల్లిపాదీ పొలం వెళితే, డెలివరీ కుర్రాడు పెట్టెను అరుగు మీద వుంచి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి పెట్టె వుండదు. చీర పోతే పోయిందనుకోవచ్చు. పట్నం నుంచి కొడుకు తల్లికి పంపిన షుగరు మందులైతే?

అందుకే గుమ్మాలకు కెమెరాలు వస్తున్నాయి. చూరు కింద ఎత్తున బిగిస్తే కనిపించేది దొంగ నెత్తిమీది తువ్వాలే గాని ముఖం కాదు. ముఖమూ, పార్సిలు పెట్టే చోటూ రెండూ పడేటట్లు బిగించాలి. పక్కింటివారి దొడ్డి మాత్రం అందులో పడకూడదు, తగవులు అక్కడే మొదలవుతాయి! గుమ్మం దీపానికి పురుగులు చేరతాయి. వాటికోసం సాలీడు కెమెరా ముందే గూడు అల్లుతుంది. అప్పుడప్పుడు దులపకపోతే రాత్రి బొమ్మంతా తెల్లటి పొగే.

కార్డు నిండితే పాత బొమ్మలు చెరిగి కొత్తవి ఎక్కుతాయి. వస్తువు పోయిన రోజే ఆ భాగాన్ని వేరుగా దాచి పోలీసులకు ఫిర్యాదు చేయాలి. కోర్టులో అది నిలవాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతపరచాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కింద దొంగతనానికి 3 ఏళ్ళ వరకు జైలు. సొత్తు 5 వేల రూపాయల లోపుదై, తొలిసారి దొరికినవాడు దాన్ని తిరిగి యిస్తే సమాజ సేవే శిక్ష.

పగలు యింట ఎవరూ వుండనివారు కిరాణా కొట్టు చిరునామా యివ్వడం మేలు. కొట్టు మూసే వేళ మాత్రం ముందుగా కనుక్కోవాలి.