ఆట బంగారం ఉత్తుత్తిదేనా?

ఆటలో దొరికే బంగారం ఉత్తుత్తిదే అనుకుంటాం. కానీ ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే అమెరికన్ ఆర్థికవేత్త 2001లో ‘ఎవర్‌క్వెస్ట్’ అనే ఆన్‌లైన్ ఆట ఆటగాళ్లు వేలం సైట్లలో అమ్ముకునే సరుకుల ధరలు చూసి లెక్కకట్టాడు. అందులోని ప్లాటినం నాణెం విలువ సుమారు ఒక సెంటు. అప్పటి జపాన్ యెన్ కంటే ఎక్కువ. తీరిక లేనివాడు డబ్బిచ్చి, డబ్బు లేనివాడు తీరిక ఇచ్చి మార్చుకుంటే ఏ నాణేనికైనా విలువ వస్తుంది. 2017 ప్రాంతంలో, దేశ కరెన్సీ బొలివార్ విలువ కుప్పకూలుతున్న వెనెజువెలాలో, కొందరు గంటల తరబడి ‘రూన్‌స్కేప్’ ఆటలో ఆకుపచ్చ డ్రాగన్లను చంపేవారు. వాటి ఎముకలు, తోళ్లు ఆటలోని సంతలో అమ్మి, వచ్చిన బంగారాన్ని బయట డాలర్లకు మార్చుకునేవారు.

ఇదంతా గాలిమేడ కాదా అని అడగవచ్చు. ‘యాక్సీ ఇన్ఫినిటీ’ ఆడి ఫిలిప్పీన్స్‌లో ఎందరో ఇల్లు గడుపుకున్నారు. అందులో ఆడి సంపాదించే క్రిప్టో టోకెన్ 2022 మధ్యకల్లా ఒక సెంటు లోపుకు పడిపోయింది. నిజమే. అయితే ఖర్చయ్యే దారుల కంటే వేగంగా పుట్టుకొచ్చే నాణెం ఎక్కడైనా చితికిపోతుంది. బొలివార్‌కూ పట్టిన గతి అదే. అసలు తేడా నిజానికీ కల్పనకూ మధ్య లేదు, అధికారంలో ఉంది. ఆటలో టంకశాల, చట్టం, న్యాయస్థానం అన్నీ కంపెనీయే. బయట అమ్మకం నిబంధనలకు విరుద్ధమని ఖాతా మూసేస్తే నెలల కష్టం గంగపాలే. డబ్బు నిజమైనదే, హక్కులే ఉత్తుత్తివి.