మెదడులోని లోహములు: ఒక చిన్న చేప నేర్పు పాఠము

లోహమనగానే మనకు రాగిచెంబు, ఇనుప గరిటె, నాగలికఱ్ఱు జ్ఞప్తికి వచ్చును. మన మెదడులోను ఇనుము, రాగి, జింకు కలవని చెప్పినచో మా విద్యార్థులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. అవి అత్యల్ప పరిమాణముననే యుండును. కాని అవి లేనిదే మెదడు పని సాగదు. నాడీకణములలో డోపమీన్ అను పదార్థము తయారగుటకు ఇనుము కావలయును. ఆ డోపమీన్ నుండి, మనలను మెలకువగా నుంచు నారెడ్రినలిన్ తయారగుటకు రాగి కావలయును. జింకు కొన్ని నాడీకణముల కొనలయందు నిలువయుండి, సందేశము పోవువేళ వెలువడును.

అయితే అవసరమైన వస్తువే మితిమీరినచో విషమగును. 1912లో కిన్నియర్ విల్సన్ అను వైద్యుడు వర్ణించిన వ్యాధిలో కాలేయము రాగిని బయటికి పంపజాలదు. ఆ రాగి కాలేయమునందును మెదడునందును పేరుకొనును. చేతులు వణకును, మాట తడబడును. 1956లో జాన్ వాల్ష్ అను వైద్యుడు పెనిసిలమీన్ అను మందుతో ఆ రాగిని మూత్రముద్వారా వెడలింపవచ్చునని చూపెను. అంతకు పూర్వమే, రెండవ ప్రపంచయుద్ధకాలమున, ఆక్స్‌ఫర్డులో రుడాల్ఫ్ పీటర్సు బృందము ఆర్సెనిక్‌తో కూడిన విషవాయువునకు విరుగుడుగా డైమెర్కాప్రాల్ అను మందును రూపొందించెను.

ఇట్టి మందులకు కీలేటరులని పేరు. పీత పట్టునకు గ్రీకుభాషలో గల మాటనుండి ఈ పేరు పుట్టినది. పీత తన పటకారువంటి ముందుకాలితో ఎరను ఇరువైపుల నొక్కిపట్టునట్లు, ఈ అణువు లోహమును ఒకటికంటె నెక్కువ చోట్ల పట్టుకొనును. ఒక్కొక్క మందునకు ఒక్కొక్క లోహముపై మక్కువ హెచ్చు. కాని ఇది చెరుపు చేయు రాగి, ఇది మేలు చేయు రాగి యను విచక్షణ పీతకు లేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఆ పట్టు మెదడులో ఏమి చేయుచున్నదో తెలిసికొనుటకు బ్రతికియున్న మనుష్యుని మెదడును కోసి చూడజాలము. అందుకే శాస్త్రజ్ఞులు జీబ్రాచేప నాశ్రయించిరి. ఒడలిపై నీలపు చారలు గల ఈ చిన్న చేప మన దేశపు వాగులయందును వరిచేల నీటియందును జీవించునదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలనుగూర్చి ప్రకటించిన గ్రంథములో దీనిని వర్ణించెను. 1981లో అమెరికాలోని ఆరెగాన్‌కు చెందిన జార్జి స్ట్రైసింగర్ దీనిని జన్యుపరిశోధనకు అనువైన ప్రాణిగా నిలబెట్టెను. మనుష్యుల జన్యువులలో నూటికి 70 వంతులకు దీనియందు సాటి జన్యువులు కలవని 2013లో తేలినది.

దీని పిండము అద్దమువలె పారదర్శకము. రాగిని పట్టు నియోకుప్రాయిన్ అను మందును నీటిలో కలిపినప్పుడు ఆ పిండములకు నల్లరంగు రాలేదు, వెన్నుదండము వంకరలు పోయెను. 2006లో ప్రకటింపబడిన ఈ పరిశోధన రాగి లోపము ఎంత చెరుపో కంటికి చూపినది.

పెద్ద చేపల నడవడిని కొలుచుటకు సులభమైన పరీక్ష కలదు. చేపను క్రొత్త తొట్టిలో విడిచినచో అది బెదరి మొదట అడుగున తిరుగును. భయము తీరినకొలది పైకి వచ్చును. మందు తాకిన చేప ఎంతసేపు అడుగున నున్నదో, ఎంత వేగముగ ఈదినదో లెక్కించి, మందు తాకని చేపతో పోల్తురు. అడుగుననే యున్నది గనుక భయపడినదని తొందరపడి అనరాదు. ఈదు శక్తియే తగ్గియుండవచ్చును. పిదప మెదడును వేరుచేసి అందు ఏ లోహము ఎంత మిగిలినదో కొలుతురు. లోహమును ముందే పట్టుకొనియున్న మందును మరికొన్ని చేపలకిచ్చినచో, మార్పునకు కారణము లోహము పోవుటయా, మందే విషమగుటయా యను సంగతి తేలును.

పట్టిన లోహమంతయు బయటికే పోవునను నియమమును లేదు. అది ఒకచోటు విడిచి మరియొకచోటు చేరవచ్చును. పెనిసిలమీన్ మొదలిడిన విల్సన్ రోగులలో కొందరికి వణకు తగ్గుటకు మారుగా హెచ్చుటను వైద్యులు చూచియున్నారు.

ఇది తొట్టిలోని చేపతో ముగియు కథ కాదు. 2003 నుండి 2005 వరకు అమెరికాలో ముగ్గురు, వారిలో ఇద్దరు పసివారు, సోడియం ఇ.డి.టి.ఎ. అను మందు రక్తములోని కాల్షియమును పట్టివేయగా గుండె ఆగి మరణించిరి. ఆ పిల్లలలో ఒకనికి ఆ మందు ఆటిజమునకు చికిత్సగా ఈయబడెను. కన్నవారి ఆశ ఎంత గొప్పదో, తెలియని మందు అంత ప్రమాదము.

శరీరములోని విషములన్నియు కడిగివేయుదుమని చెప్పు ప్రకటనలు నేడును కనబడుచున్నవి. సీసము సోకినదని రక్తపరీక్షలో తేలి, వైద్యుడు తూచి యిచ్చినప్పుడు ఈ మందులు ప్రాణదాతలే. పరీక్ష లేక, కొలత లేక తీసికొన్నచో పీత పట్టు మన ప్రాణాధారములపైననే పడును. ఏమి తీసివేయుచున్నామో, దానితోబాటు ఏమి పోవుచున్నదో ముందుగా అడుగుట మన విద్యార్థులకు అలవాటు కావలెనని మా కోరిక.